ఎనిమిదో లైన్‌మన్: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్టు జట్టుకూ తిరిగేవాడి లెక్క

2021 ఫిబ్రవరి 7న టాంపాలో జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆఖరి పోరులో, కాన్సస్ సిటీ చీఫ్స్ 31-9తో ఓడిపోయింది. ఆ రాత్రి చీఫ్స్ తరఫున పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ పాస్ వేద్దామని వెనక్కి జరిగాడంటే చాలు, ఎవరో ఒకరు మీదికి వచ్చిపడ్డారు. అలా ఒత్తిడి పడింది 29 సార్లు. అప్పటిదాకా సూపర్ బౌల్‌లో ఏ క్వార్టర్‌బ్యాక్‌కూ అంత పడలేదు. ఆ ఓటమి సంగతి వచ్చినప్పుడల్లా వినపడే పేర్లలో, క్వార్టర్‌బ్యాక్‌ను కాచే ముందు వరసలో ఎడమ కొసన నిలిచిన లెఫ్ట్ టాకిల్ మైక్ రెమ్మర్స్ పేరు ఒకటి.

నిజానికి అది రెమ్మర్స్ ఆడాల్సిన చోటు కాదు. చీఫ్స్ అతన్ని 2020లో ఒక్క ఏడాది కాంట్రాక్టు మీద తీసుకుంది, అదీ అదనపు మనిషిగా. కోవిడ్ కారణంగా గార్డ్ లారెంట్ డువర్నే-టార్డిఫ్, కొత్త కుర్రాడు లూకస్ నయాంగ్ ఆ సీజన్‌కు దూరంగా ఉండిపోయారు. డువర్నే-టార్డిఫ్ చదువుకున్న డాక్టరు కూడా. అక్టోబరులో లెఫ్ట్ గార్డ్ కెలెచి ఒసెమెలె మోకాళ్లు దెబ్బతిన్నాయి. అదే నెలలో రైట్ టాకిల్ మిచెల్ ష్వార్ట్జ్ వెన్నునొప్పితో తప్పుకుంటే, ఆ చోటులోకి రెమ్మర్స్ వచ్చాడు. జనవరి 24న, సూపర్ బౌల్‌కు సరిగ్గా రెండు వారాల ముందు, లెఫ్ట్ టాకిల్ ఎరిక్ ఫిషర్‌కు మడమ పైనున్న అకిలీస్ స్నాయువు తెగింది. దాంతో రెమ్మర్స్ కుడి నుంచి ఎడమకు, ఆండ్రూ వైలీ రైట్ గార్డ్ నుంచి రైట్ టాకిల్‌కు, స్టెఫెన్ విస్నియెవ్‌స్కీ బెంచి మీద నుంచి రైట్ గార్డ్‌కు జరిగారు. సీజన్ మొదటి మ్యాచ్ ఆడిన ముందు వరస ఐదుగురిలో సూపర్ బౌల్ నాటికి తన చోట తను మిగిలింది సెంటర్ ఆస్టిన్ రైటర్ ఒక్కడే.

ఇలాంటి ఆటగాణ్ణి అమెరికాలో జర్నీమ్యాన్ అంటారు. జట్లు మారుతూ, ఏడాదికో కాంట్రాక్టు మీద, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆడుతూ ఎనిమిది పదేళ్లు నెట్టుకొచ్చేవాడు. స్టార్టర్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురిలో ఒకడు, కాలేకపోయినవాడికి పెట్టిన పేరని చాలామంది అనుకుంటారు. లీగ్ నిబంధనలు పక్కన పెట్టుకుని చూస్తే మాత్రం ఇది దానికదే ఒక ప్రత్యేకమైన ఉద్యోగమని తెలుస్తుంది. రోస్టర్ (జట్టు జాబితా) పరిమితి, జీతాల మెట్లు, ప్రాక్టీసు ఆంక్షలు కలిసి ఈ ఉద్యోగాన్ని పుట్టించాయి. అతన్ని బయటికి పంపేవీ అవే.

వరసలో ఐదుగురు

ఈ ఆట చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టు ముందు వరసలో ఐదుగురు ఉంటారు, వీళ్లే లైన్‌మెన్. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, రెండు కొసల్లో టాకిళ్లు. సెంటర్ తన కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి అందించడంతో ప్రతి ఆటా మొదలవుతుంది. దాన్నే స్నాప్ అంటారు. ఈ ఐదుగురి నంబర్లు 50 నుంచి 79 లోపే ఉంటాయి. మామూలుగా పాస్ పట్టే అర్హత వీళ్లకు లేదు. దాదాపు అందరూ 300 పౌండ్లు, అంటే 136 కిలోలు దాటినవాళ్లే. వీళ్ల పని ఎదుటివాళ్లను క్వార్టర్‌బ్యాక్ దాకా రానివ్వకపోవడం, బంతి పట్టుకుని పరుగెత్తేవాడికి దారి తెరవడం. కబడ్డీలో చేతులు కలిపి కదిలే గొలుసు లాంటిదే ఇది: ఒక్కడి అడుగు ఆలస్యమైతే పక్కవాడు కూడా దొరికిపోతాడు.

వీళ్ల పేరు మీద అంకెలు కూడా పెద్దగా ఉండవు. ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, ఎన్నింటిలో మొదటి ఐదుగురిలో ఉన్నాడు, ఎన్ని పెనాల్టీలు ఇచ్చాడు, అంతే. అందుకే లైన్‌మన్‌ను పనిలోకి తీసుకునేవాళ్లు కాగితం చూడరు, ఫిల్మ్ చూస్తారు. ఆఖరి నాలుగైదు మ్యాచ్‌ల ఫిల్మే అతని బయోడేటా.

53, 48, 8

శిక్షణ శిబిరాల్లో ఒక్కో జట్టుకు 90 మంది ఉండొచ్చు. ఆగస్టు చివర్లో ఆ సంఖ్య 53కు దిగాలి. 32 జట్లు, ఒక్కో జట్టులో 37 మంది: పోగుచేస్తే పదకొండు వందల పైచిలుకు మంది ఒకే గడువుతో బయటికి వస్తారు. మిగిలిన 53లో లైన్‌మెన్ సాధారణంగా తొమ్మిది, పది మంది.

మ్యాచ్ రోజున ఆ 53 మందికీ దుస్తులు వేసుకునే వీలు లేదు. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2020 కార్మిక ఒప్పందం ప్రకారం మ్యాచ్‌కు 48 మందిని దించవచ్చు, కానీ వాళ్లలో కనీసం 8 మంది లైన్‌మెన్ ఉండాలి. లేకపోతే 47కే పరిమితం. అంతకుముందు 46 మందే ఉండేవారు, చాలా జట్లు ఏడుగురు లైన్‌మెన్‌తో సర్దుకునేవి. ఇప్పుడు ఎనిమిదో లైన్‌మన్‌ను ఇంట్లో కూర్చోబెట్టిన కోచ్ ఒక స్థానాన్ని చేజేతులా వదులుకున్నట్టే. ఈ ఒక్క వాక్యం లీగ్ మొత్తంలో 32 కొలువులకు కొత్తగా ఆధారమైంది. అదనపు లైన్‌మెన్‌కు ఇంతకంటే మేలు చేసిన నిబంధన ఇటీవలి కాలంలో మరొకటి కనపడదు.

ఐదుగురు ఆడుతుంటే పక్కన మిగిలేది ముగ్గురు. ఆ ముగ్గురే ఐదు చోట్లనూ కాయాలి. ఆరోవాడు స్వింగ్ టాకిల్: కుడి ఎడమ టాకిళ్లలో ఎవరు పడిపోయినా అతనే వెళ్లాలి. ఏడోవాడు రెండు గార్డ్ స్థానాలకూ సెంటర్‌కూ పనికిరావాలి. ఎనిమిదోవాడు ఎక్కడ లోటు ఉంటే అక్కడ. లెఫ్ట్ గార్డ్ తప్ప మరొకటి చేతకానివాడు ఎంత బాగా ఆడినా, స్టార్టర్ కాలేకపోతే అతనికి చోటు దొరకడం కష్టం. స్టార్టర్‌కు ఒక చోట గొప్పగా ఆడటం చాలు. అదనపు మనిషికి మూడు చోట్ల పరువు పోకుండా ఆడటం రావాలి. ఈ రెండూ వేర్వేరు నైపుణ్యాలు, రెండోదాన్ని తక్కువగా చూడటం మామూలైపోయింది.

బెంచి మీదున్నంత మాత్రాన వీళ్లకు ఆట లేదనుకోకూడదు. ఫీల్డ్ గోల్, అదనపు పాయింటు కిక్కులప్పుడు కొట్టేవాణ్ణి కాచే వరసలో వీళ్లే ఉంటారు. గోల్ గీతకు రెండు గజాల దూరంలో ఆరో లైన్‌మన్‌ను దించాలంటే, అతను ముందు రెఫరీ దగ్గరికి వెళ్లి తాను పాస్ పట్టే అర్హత కోరుతున్నట్టు చెప్పాలి, రెఫరీ ఆ నంబరును ఎదుటి జట్టుకు ప్రకటించాలి. చెప్పడం మరిచిపోతే టచ్‌డౌన్ వచ్చినా చెల్లదు. ఈ లాంఛనం ఆటగాళ్లు మరిచిపోయిన సందర్భాలూ ఉన్నాయి, రెఫరీలు గందరగోళపడినవీ ఉన్నాయి.

కుడి నుంచి ఎడమకు

చూసేవాళ్లకు రైట్ టాకిల్ లెఫ్ట్ టాకిల్‌గా మారడమంటే కొన్ని గజాలు పక్కకు జరగడమే అనిపిస్తుంది. ఒంటికి మాత్రం అది తలకిందులైన పని. లెఫ్ట్ టాకిల్ ఎడమ కాలు వెనక్కి పెట్టి నిలబడతాడు. స్నాప్ పడగానే ఆ కాలితో వెనక్కి, పక్కకు జారుతూ, కుడి కాలితో నేలను తన్నుతూ, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే పాస్ రషర్‌కు అడ్డుగా తన ఒంటిని తెస్తాడు. దీన్ని కిక్ స్లైడ్ అంటారు. కుడి వైపు ఇదంతా అద్దంలో చూసినట్టు మారిపోతుంది. ఏ కాలు బరువు మోయాలి, ఏ తుంటి తెరుచుకోవాలి, ఏ చెయ్యి ముందు తగలాలి, అన్నీ తిరగబడతాయి.

చేతుల సంగతి ఇంకా సూక్ష్మం. దెబ్బ ఎదుటివాడి ఛాతీ లోపల, చంకలకు మధ్య పడాలి. బయట పడితే భుజాలు పట్టుకున్నట్టవుతుంది, హోల్డింగ్ కింద 10 గజాల పెనాల్టీ. త్వరపడి ముందే చెయ్యి విసిరితే ఎదుటివాడు దాన్ని తోసేసి పక్క నుంచి దూరతాడు. ఆలస్యమైతే వాడే ముందు ఛాతీ మీద తోసి క్వార్టర్‌బ్యాక్ ఒళ్లోకి నడిపిస్తాడు. చేతులు 33 అంగుళాల కంటే పొట్టిగా ఉన్నవాణ్ణి టాకిల్‌గా తీసుకోవడానికి ఆటగాళ్లను వెతికే స్కౌట్లు తటపటాయించేది ఇందుకే. అలాంటివాళ్లను కాలేజీలో టాకిల్‌గా ఆడినా ఇక్కడ గార్డ్‌గా జరుపుతారు.

ఇక టాకిల్ నుంచి గార్డ్‌కు మారితే స్థలం, సమయం రెండూ తగ్గిపోతాయి. టాకిల్‌కు ఎదుటివాడు కొన్ని అడుగుల దూరం నుంచి వేగంగా వస్తాడు. గార్డ్‌కు ఎదురుగా ముఖానికి ముఖం తగిలేంత దగ్గరలో, బహుశా తనకన్నా బరువైనవాడు ఉంటాడు. కాళ్ల వేగం కన్నా నడుము కిందికి దించి నేలను పట్టుకునే బలం అక్కడ అక్కరకొస్తుంది. సన్నగా ఉండే టాకిళ్లు గార్డ్‌గా మారిన తొలి వారాల్లో వెనక్కి నెట్టుకుపోవడం ఇందువల్లే.

అన్నిటికన్నా ఇబ్బంది సెంటర్ పని. షాట్‌గన్ అనే అమరికలో క్వార్టర్‌బ్యాక్ దాదాపు ఐదు గజాల వెనుక నిలబడతాడు. బంతిని ఒంటి చేత్తో, తల దించుకునో ఎత్తుకునో, అంత దూరం అతని ఛాతీ దగ్గరికి పంపాలి. పంపిన క్షణంలోనే అడుగు వెయ్యాలి, ఎందుకంటే ఎదుటివాడి తల గజం లోపే ఉంటుంది. అలవాటు లేనివాడు అడుగు కోసం తొందరపడతాడు, బంతి చేతిలోంచి సగంలోనే జారి పైకో పక్కకో పోతుంది. వానలో అయితే చెప్పక్కర్లేదు. పరాయి మైదానంలో జనం అరుపులకు క్వార్టర్‌బ్యాక్ చెప్పే లెక్క వినపడదు కాబట్టి, గార్డ్ వెనక్కి చూసి క్వార్టర్‌బ్యాక్ సైగ అందుకుని సెంటర్‌ను తడతాడు, సెంటర్ తల ఆడించి స్నాప్ చేస్తాడు. ఆ తల ఊపు ఎప్పుడూ ఒకే లయలో ఉంటే ఎదుటి జట్టు పసిగట్టేస్తుంది. అందుకే ఒక్కోసారి రెండుసార్లు ఊపుతారు. సొంతవాళ్లే పొరబడి ముందుగా కదిలితే ఫాల్స్ స్టార్ట్, 5 గజాలు పోతాయి. గార్డ్‌గా బతుకుతున్నవాడు వేసవిలో రోజూ స్నాపులు సాధన చేసి సెంటర్ పని కూడా నేర్చుకుంటే అతని కెరీర్ మరో రెండు మూడేళ్లు సాగుతుందని ఏజెంట్లు చెప్పే మాటలో అతిశయం లేదు.

మంగళవారం నుంచి ఆదివారం దాకా

ఆదివారం ఒకడి మోకాలు పోతుంది. లైన్‌మెన్ మోకాళ్లు ఎదుటివాడి వల్ల కంటే వెనక నుంచి సొంత జట్టువాడు కాళ్ల మీద పడటం వల్ల పోవడం పరిపాటి. సోమవారం ఎమ్ఆర్ఐ. మంగళవారం మామూలుగా ఆటగాళ్లకు సెలవు, జట్టు ఆఫీసుకు మాత్రం బేరాల రోజు. కాంట్రాక్టు లేని లైన్‌మెన్ ముగ్గురు నలుగురిని విమానమెక్కించి రప్పిస్తారు. ముందు డాక్టర్లు పాత గాయాలన్నీ తడిమి చూస్తారు. తర్వాత కోచ్ అడుగులు వేయిస్తాడు, సంచిని కొట్టిస్తాడు, గదిలో బోర్డు మీద ఎదుటి రక్షణ వరసను గీసి ఎవరు ఎవరిని పట్టాలో చెప్పమంటాడు. సంతకం అయితే బుధవారం ప్రాక్టీసులో ఉంటాడు. లేకపోతే ఆ సాయంత్రమే ఇంటికి.

బుధ, గురు, శుక్రవారాల్లో అతను నేర్చుకోవాల్సింది ఆట కాదు, ఆ జట్టు పిలుపులు. ఐదుగురిలో ముగ్గురు ఒక వైపు గుంపుగా జరిగి, మిగతా ఇద్దరు ఎదురున్నవాళ్లను పట్టుకునే పద్ధతి లీగ్ అంతటా ఉంది. ఒక జట్టు దాన్ని జెట్ అంటుంది, మరో జట్టు ఒక అంకెతో పిలుస్తుంది. ఎదుటి జట్టులో మధ్య లైన్‌బ్యాకర్‌గా (ముందు వరస వెనక నిలిచే రక్షకుడిగా) ఎవరిని లెక్కపెట్టాలో, అంటే మైక్ ఎవరో, కొన్ని జట్లలో సెంటర్ చెబుతాడు, కొన్నింట క్వార్టర్‌బ్యాక్. అది మారితే జరగాల్సిన వైపు మొత్తం మారుతుంది. కొత్తవాడు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం బలం చాలక వచ్చేవి కావు. ఎదుటి ఇద్దరు దారులు మార్చుకుని అడ్డంగా దూరినప్పుడు, పక్కవాడు తనకు అప్పగిస్తాడా లేక వెంటపడతాడా తెలియక అరక్షణం ఆగిపోవడం వల్ల వస్తాయి. ఇద్దరూ ఒకడినే పట్టుకుంటారు, రెండోవాడు నేరుగా క్వార్టర్‌బ్యాక్ దగ్గరికి వెళ్తాడు.

జర్నీమెన్ పాత కోచ్‌ల వెంట తిరిగేది ఇందుకే. ప్యాట్ షర్మర్ 2017లో మినెసోటా వైకింగ్స్ అఫెన్స్‌ను, అంటే బంతి చేతిలో ఉన్నప్పటి ఆటను, నడిపినప్పుడు రెమ్మర్స్ అక్కడ ఆడాడు. షర్మర్ న్యూయార్క్ జెయింట్స్ హెడ్ కోచ్ అయ్యాక, 2019లో రెమ్మర్స్ అక్కడికి చేరాడు. బయటినుంచి చూస్తే స్నేహం అనిపించవచ్చు. కోచ్‌కు మాత్రం రెండు నెలల పాఠం మిగులుతుంది.

నేర్చుకోవడానికి మైదానంలో అవకాశం తక్కువన్నది మరో చిక్కు. 2011 ఒప్పందం తర్వాత సీజన్ మొత్తంలో ప్యాడ్లు వేసుకుని చేసే ప్రాక్టీసులు 14కు మించకూడదు. ప్యాడ్లు లేకుండా లైన్‌మన్ చేయగలిగింది అడుగులు వేయడమే. గట్టిగా కొట్టడం, తోసినా నిలవడం షార్టులతో వచ్చేవి కావు. ఆ కొద్ది ప్రాక్టీసులోనూ తమ ప్లేబుక్ ఆటలన్నీ మొదటి ఐదుగురే తీసుకుంటారు. అదనపు మనుషులు స్కౌట్ టీములో ఉంటారు: వచ్చే వారం ప్రత్యర్థి ఆటలను అట్టల మీద గీసి చూపిస్తే, వాటిని సొంత డిఫెన్స్ ముందు అభినయించాలి. అంటే వారమంతా వేరే జట్టు ఆటలు ఆడి, ఆదివారం సొంత జట్టు ఆటలోకి దూకాలి. ఆటగాళ్ల ఒళ్లు కాపాడటానికి ఈ ఆంక్షలు అవసరమే. కాకపోతే కుర్ర లైన్‌మెన్ ఎదగడం నెమ్మదించింది, ముందే అన్నీ నేర్చుకుని ఉన్న ముప్పై ఏళ్లవాడికి గిరాకీ పెరిగింది.

జీతాల మెట్లు

2025 లెక్కలో సర్వీసు లేని ఆటగాడికి కనీస జీతం ఏడాదికి 8,40,000 డాలర్లు. ఒక సీజన్ ఉంటే 9,60,000. రెండు ఉంటే 10,30,000. మూడుంటే 11 లక్షలు. నాలుగు నుంచి ఆరు దాకా 11,70,000. ఏడు దాటితే 12,55,000. వినడానికి భారీగా ఉంటుంది, కానీ ఇది సీజన్‌లోని 18 వారాలకు విడదీసి ఇచ్చే డబ్బు. ఆరో వారంలో తీసేస్తే గ్యారంటీ లేనివాడికి మిగతా పన్నెండు వారాలది రాదు. అందులోంచి పన్నులు, ఏజెంటుకు గరిష్ఠంగా 3 శాతం, రెండు ఊళ్లలో అద్దె పోవాలి.

కింద మరో మెట్టు ఉంది: ప్రాక్టీస్ స్క్వాడ్, అంటే ఆ 53 మందికి బయట సాధన కోసం ఉంచుకునేవాళ్లు. ఒక్కో జట్టుకు 16 మంది, విదేశీ ఆటగాడు ఉంటే 17. 2025లో కుర్రవాడికి వారానికి 13,000 డాలర్లు. అదే కుర్రవాణ్ణి 53 మందిలోకి ఎక్కిస్తే కనీసం 46,000 పైచిలుకు. మ్యాచ్‌కు ఇద్దరిని తాత్కాలికంగా పైకి తీసుకుని మర్నాడు కిందికి దించే వెసులుబాటు జట్టుకు ఉంది, ఒకే మనిషిని అలా సీజన్‌లో మూడుసార్లే వాడుకోవచ్చు. నాలుగోసారి కావాలంటే అసలైన కాంట్రాక్టు ఇవ్వాలి. మూడోసారి అయిపోయిన వారంలో ఆ ఆటగాడు ఫోను పక్కన పెట్టుకుని పడుకుంటాడు.

ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉన్నవాణ్ణి మరో జట్టు నేరుగా ఎత్తుకుపోవచ్చు, కానీ తన 53 మందిలో చేర్చుకోవాలి, కనీసం మూడు వారాల జీతం చెల్లించాలి. జట్టు వారానికి నలుగురిని ఇలా పోకుండా కాపాడుకోవచ్చు. ఎవరిని కాపాడుతోందో చూస్తే తర్వాతి గాయానికి ఎవరిని సిద్ధం చేసుకుంటోందో తెలిసిపోతుంది.

సర్వీసు పెరిగేకొద్దీ కనీస జీతమూ పెరుగుతుంది, చిక్కంతా అక్కడే. 12,55,000 అడిగే ముప్పై రెండేళ్లవాడి బదులు 8,40,000కు కుర్రవాడు దొరుకుతాడు. ఇది గమనించే ఒప్పందంలో ఒక సర్దుబాటు పెట్టారు. అర్హత ఉన్న సీనియర్‌కు కనీస జీతంతో ఒక్క ఏడాది కాంట్రాక్టు ఇస్తే, జట్టు జీతాల పరిమితిలో అతణ్ణి రెండేళ్ల సర్వీసున్నవాడిలాగే లెక్కిస్తారు. ఆటగాడికి 12,55,000 వస్తుంది, పరిమితిలో పడేది 10,30,000. జర్నీమెన్ కాంట్రాక్టులు ఎప్పుడు చూసినా ఏడాదికే ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. విశ్వాసం లేక కాదు, ఆ లెక్క ఒక్క ఏడాది కాంట్రాక్టుకే వర్తిస్తుంది.

నాలుగేళ్ల సర్వీసు దాటినవాణ్ణి తీసేస్తే అతను వేవర్స్ గుండా వెళ్లక్కర్లేదు, నచ్చిన జట్టుతో మాట్లాడుకోవచ్చు. అంతకన్నా తక్కువ ఉన్నవాణ్ణి తీసేస్తే ముందు 24 గంటలు మిగతా 31 జట్లకు అతని కాంట్రాక్టు ఉన్నదున్నట్టు తీసుకునే అవకాశం ఉంటుంది, వేవర్స్ అంటే ఇదే. ఒకటికి మించి జట్లు అడిగితే పట్టికలో వెనకబడ్డ జట్టుకే దక్కుతాడు. అతని ఇష్టాయిష్టాలతో పని లేదు. జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే ట్రేడ్ల గడువు దాటాక సీనియర్లకూ ఇదే వర్తిస్తుంది.

బయటివాళ్లకు ఎప్పుడూ అర్థంకాని ఇంకో సంగతి. సీనియర్‌ను ఆగస్టు చివర్లో తీసేసి, మొదటి మ్యాచ్ కాగానే మళ్లీ తీసుకుంటారు. ఎందుకు? మొదటి మ్యాచ్ నాటికి జాబితాలో ఉన్న నాలుగేళ్ల సర్వీసువాణ్ణి తర్వాత తీసేస్తే, ఆ ఏడాది మిగతా జీతాన్ని అతను క్లెయిమ్ చేసుకోవచ్చు. ఈ హక్కు కెరీర్‌లో ఒక్కసారే వాడుకునే వీలుంది. రెండో వారంలో తీసుకుంటే జట్టుకు ఆ బరువు ఉండదు. ఇరుపక్షాలకూ తెలిసిన నాటకమే ఇది, ఏజెంటు ఆ వారం రోజులకు ఆటగాణ్ణి ఇంట్లో కసరత్తు ఆపవద్దని చెబుతాడు.

రెమ్మర్స్ దారి

ఒరెగన్ స్టేట్‌లో ఆడిన రెమ్మర్స్‌ను 2012 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, ఏ జట్టూ ఎంచుకోలేదు. డెన్వర్, టాంపా బే, శాన్ డియాగో, మినెసోటా, సెయింట్ లూయిస్: మూడేళ్లు తిరగకుండానే ఐదు జట్లు. 2014 అక్టోబరులో కారొలైనా పాంథర్స్ అతన్ని సెయింట్ లూయిస్ ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి ఎత్తుకుంది. ఆ సీజన్ ముగిసేలోపు అతనే రైట్ టాకిల్. 2015లో కారొలైనా 15-1తో ముగించింది, ఆ ఏడాది లీగ్‌లో అందరికన్నా ఎక్కువగా 500 పాయింట్లు చేసింది.

తర్వాత 2016 ఫిబ్రవరి 7, సూపర్ బౌల్ 50. డెన్వర్ పాస్ రషర్ వాన్ మిల్లర్ రెండుసార్లు రెమ్మర్స్‌ను దాటి వెళ్లి క్యామ్ న్యూటన్ చేతిలో బంతి ఊడగొట్టాడు. మొదటిది ఎండ్ జోన్‌లోనే దొరికి టచ్‌డౌన్ అయింది. రెండోది చివరి క్వార్టర్‌లో, 16-10 వద్ద, నాలుగు గజాల గీత దగ్గర డెన్వర్ చేతికి చిక్కింది. 24-10తో ఓటమి. పదహారు మ్యాచ్‌ల పని ఎవరికీ గుర్తులేదు, ఆ రెండు ఆటలు అందరికీ గుర్తు. లైన్‌మన్ పనిని అంచనా కట్టడంలో ఉన్న అన్యాయమంతా ఇక్కడే ఉంది. అరవై ఆటల్లో యాభై ఎనిమిది సరిగ్గా చేసినా మిగిలిన రెండే ఫిల్మ్‌లో నిలుస్తాయి. అయితే దీన్ని కేవలం అన్యాయమని కొట్టిపారేయలేం. ఆ రెండింటితోనే మ్యాచ్ పోతుంది మరి.

మార్కెట్ మాత్రం ఆ రెండు ఆటలనే చూడలేదు. 2016లో మైకేల్ ఓహర్ తలకు దెబ్బతగిలి తప్పుకుంటే కారొలైనా రెమ్మర్స్‌నే లెఫ్ట్ టాకిల్‌కు జరిపింది. 2017లో వైకింగ్స్ అతనికి ఐదేళ్లకు 3 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. 2018లో రైట్ గార్డ్‌గా ఆడించింది. 2019 మార్చిలో తీసేసింది. ఐదేళ్లని రాసి ఉన్నది రెండేళ్లకే ముగిసింది. లైన్‌మెన్ కాంట్రాక్టు వార్త చదివేటప్పుడు మొత్తం అంకెను పక్కన పెట్టి, మొదటి రెండేళ్లలో గ్యారంటీగా ఎంత చేతికొస్తుందో చూడాలి. మిగతాది జట్టు ఇష్టం.

టాంపా ఓటమి తర్వాత చీఫ్స్ ఫిషర్‌ను, ష్వార్ట్జ్‌ను వదిలేసింది. ఆర్లాండో బ్రౌన్, జో థూనీ, క్రీడ్ హంఫ్రీ, ట్రే స్మిత్‌లను తెచ్చి వరసను దాదాపు పునాదుల నుంచి కట్టుకుంది. అదే చీఫ్స్ రెమ్మర్స్‌కు మాత్రం 2021కి మరో ఏడాది కాంట్రాక్టు ఇచ్చింది. ఆ రాత్రి తప్పు ఎక్కడ జరిగిందో జట్టుకు తెలుసు: వరుసగా మనుషులు పోవడంలో, ఒక్కరి స్థానం కోసం ముగ్గురిని జరపడంలో. ఎదురుగా షకీల్ బారెట్, జేసన్ పియెర్-పాల్ ఇరువైపులా ఉండగా, అలవాటు తప్పిన వైపు ఆడే టాకిల్‌కు సాయంగా టైట్ ఎండ్‌నో రన్నింగ్ బ్యాక్‌నో నిలబెట్టాలి. నిలబెడితే పాస్ పట్టేవాళ్లలో ఒకరు తగ్గుతారు. వెనకబడి ఉన్నప్పుడు కోచ్‌లకు ఆ బేరం నచ్చదు.

ఇదే బాటలో ఇంకా నిలకడగా నడిచినవాడు కెల్విన్ బీచమ్. 2012లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అతన్ని ఏడో రౌండ్‌లో, 248వ మనిషిగా ఎంచుకుంది. 2015లో మోకాలి లిగమెంట్ తెగింది. తర్వాత జాక్సన్‌విల్, న్యూయార్క్ జెట్స్, 2020లో ఆరిజోనా. టాకిల్‌కు పొట్టి అని స్కౌట్లు అన్నవాడు నాలుగు జట్లకు టాకిల్‌గా ఆడాడు.

గాయం, కాగితం

ఈ స్థాయి కాంట్రాక్టుల్లో స్ప్లిట్ అనే షరతు మామూలే: జాబితాలో ఉంటే ఒక జీతం, గాయపడి ఇంజ్యూర్డ్ రిజర్వ్‌లోకి వెళ్తే అంతకన్నా తక్కువ. శిబిరంలో దెబ్బ తగిలితే జట్టు తరచుగా సెటిల్‌మెంటుకు పిలుస్తుంది. ఆరు వారాల్లో కోలుకుంటాడని డాక్టరు అంటే ఆరు వారాల జీతం ఇచ్చి పంపేస్తారు. సంతకం పెట్టే ముందు ఆటగాడు వేరే డాక్టరుకు చూపించుకోవడం తెలివైన పని. ఆరు అనుకున్నది పదకొండు వారాలైతే తేడా అతని జేబులోంచే పోతుంది.

ఆట మానేశాక మొదటి పని బరువు దించడం. అంతకాలం ఆకలి లేకపోయినా తిని నిలబెట్టిన ఒళ్లది. క్లీవ్‌లాండ్ టాకిల్ జో థామస్, శాన్ డియాగో సెంటర్ నిక్ హార్డ్‌విక్ రిటైరయ్యాక గుర్తుపట్టలేనంతగా తగ్గారు. తలకు తగిలిన దెబ్బల సంగతి ఇంకా పెద్దది. ప్రతి ఆటలోనూ తల ఎదుటివాడి తలకు తగిలే చోటులో పదేళ్లు గడిపినవాళ్లకు అది ఎప్పుడు బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు.

అందుకే పాత జర్నీమెన్ డబ్బు కన్నా ముందు సీజన్లు లెక్కపెట్టుకుంటారు. మూడు మ్యాచ్‌ల పాటు జాబితాలో గానీ ఇంజ్యూర్డ్ రిజర్వ్‌లో గానీ ఉంటే అది జీతం మెట్టుకూ పెన్షన్‌కూ పనికొచ్చే సీజన్. కాంట్రాక్టు ముగిశాక నచ్చిన జట్టుకు వెళ్లగల ఫ్రీ ఏజెంట్ కావడానికి కావాల్సిన సీజన్ వేరే లెక్క, దానికి ఆరు మ్యాచ్‌లు కావాలి, అలాంటివి నాలుగు ఉండాలి. పెన్షన్ హక్కు మొదటి రకం మూడు సీజన్లతో వస్తుంది. ఆట మానేశాక ఐదేళ్లు నడిచే ఆరోగ్య బీమా కూడా దానితోనే వస్తుంది. రెండు సీజన్లున్నవాడికి డిసెంబరు మొదటి వారంలో రెండు జట్ల నుంచి పిలుపు వస్తే, ఒకటి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో తీసుకుంటానని, మరొకటి అంతకన్నా నాసి జట్టే అయినా 53లో చోటిస్తానని అంటే, ఏజెంటు క్యాలెండర్ తెరిచి ఇంకా మూడు మ్యాచ్‌లు మిగిలి ఉన్నాయో లేదో చూస్తాడు. ఉంటే రెండో జట్టుకే టికెట్ తీస్తాడు.